పాటలకు మార్కులు వేయవచ్చునా?



ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసినవాడికి మార్కులు వేయడం ఒక వ్యసనం. ఉద్యోగ విరమణ జరిగి ఏళ్ళు గడిచినా అది నన్ను వదలలేదు. పెళ్ళిలో పులిహోరకు, గుడిలో హరికథకు, మునిసిపాలిటీ వారి బోర్డు మీది వ్రాతకు సైతం మనసులోనే పదికి ఇన్ని అని వేసుకుంటూ ఉంటాను. అందుచేత కిందటి దసరా సెలవులకు భీమిలి వచ్చిన మా మనవడు తనకు నచ్చిన పది పాటల జాబితా నా చేతిలో పెట్టి, "తాతా, వీటికి నువ్వు ర్యాంకులియ్యాలి" అన్నప్పుడు నాకు లోలోపల సంతోషమే కలిగింది. జాబితా చదివాక ఆ సంతోషం సగమైంది. అందులో త్యాగయ్య లేడు, ఘంటసాల లేడు. అన్నీ ఫంక్, హిప్-హాప్, రాక్ అనే మూడు జాతుల పాటలు.

నేను ఆ కాగితాన్ని ఎర్రసిరాతో తిప్పి పంపాను. "కారణాలు వ్రాయలేదు. కారణం వ్రాయని జవాబుకు మార్కులు లేవు" అన్నాను. వాడు నవ్వి, "అయితే నువ్వు విని, నీ జాబితా నువ్వు వ్రాయి. కారణాలతో సహా" అని పందెం వేసి హైదరాబాదు వెళ్ళిపోయాడు. అప్పటి నుండి ఇప్పటి వరకు ఉదయం సముద్రపు ఒడ్డున నడిచే గంటసేపూ చెవిలో వాడు వదిలి వెళ్ళిన పాటలే. ఈ టపా ఆ పందెం ఫలితం. అయితే జాబితాకు ముందు, అసలు పాటలకు వరుస పెట్టడమనే పని తగునా తగదా అన్నది తేల్చుకోవాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇష్టమైనవాటికి వరుస పెట్టవచ్చును. పెట్టాలి కూడా. కాని ఇష్టం లేనివాటికి అట్టడుగు స్థానం ఇవ్వడం కోసం వరుస పెట్టకూడదు. ఈ రెండు పనులూ చూడ్డానికి ఒకటిగానే ఉంటాయి. ఆ భేదం తెలుసుకోవడానికి నాకు ఒక జీవితకాలం పట్టింది.

వరుసలు పెట్టడం మనకేమీ కొత్త కాదు. కవిత్రయం అన్నాము. పంచకావ్యాలు అన్నాము. అష్టదిగ్గజాలు అన్నాము. సంఖ్య లేనిదే మనకు గౌరవం నిలవదు. ఆ అయిదు కావ్యాలు ఏవో చెప్పమంటే మాత్రం అందరు పండితులూ ఒకే పట్టిక చెప్పరు. పరీక్షకు చదివే పిల్లవాడికి అది చిక్కు. రసజ్ఞుడికి అదే అసలు వినోదం. ఒకరి పట్టికలో ఉన్నది మరొకరి పట్టికలో ఎందుకు లేదని వాదించుకున్నప్పుడే కదా కావ్యం మళ్ళీ తెరుస్తాము!

అయితే ఈ పట్టికలు చేసిన అపచారాలూ ఉన్నాయి. పాల్కురికి సోమన బసవపురాణాన్ని ద్విపదలో వ్రాశాడు. వృత్తాలు వ్రాయలేక కాదు. పదిమందీ కూడి పాడుకోవడానికి అనువైన ఛందస్సు కావాలనుకున్నాడు కనుక వ్రాశాడు. తరువాత చాలాకాలం మన పండితలోకం ద్విపదను ఒక మెట్టు కిందనే కూర్చోబెట్టింది. అన్నమయ్య 1503లో పరమపదించాడు. ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలోని చిన్న అరలో శతాబ్దాలపాటు ఉండిపోయి, ఇరవయ్యవ శతాబ్దంలో గాని పండితుల చేతికి రాలేదు. ఆ నడిమి కాలంలో ఎవరైనా తెలుగు వాగ్గేయకారులకు ర్యాంకులు ఇచ్చి ఉంటే ఆ పట్టిక విలువ ఎంత? వినని పాటకు స్థానం ఉండదు. స్థానం లేదు కనుక పాటే లేదనుకోవడం మన పొరపాటు.

ఇది మన ఒక్కరి జబ్బూ కాదు. అమెరికాలోని 'రోలింగ్ స్టోన్' పత్రిక 2004లో సర్వకాలాలకూ శ్రేష్ఠమైన 500 పాటలంటూ ఒక పట్టిక ప్రకటించింది. బాబ్ డిలన్ 1965లో పాడిన 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' అందులో మొదటిది. 2016లో ఆయనకు సాహిత్యంలో నోబెల్ బహుమానం వచ్చింది. అదే పత్రిక 2021లో మరింతమంది అభిప్రాయాలు సేకరించి పట్టికను తిరగ వ్రాయగా అరీతా ఫ్రాంక్లిన్ పాడిన 'రెస్పెక్ట్' మొదటికి వచ్చింది. పబ్లిక్ ఎనిమీ అనే హిప్-హాప్ బృందం పాడిన 'ఫైట్ ద పవర్' రెండవది. నోబెల్ అందుకున్న కవిగారి పాట నాలుగవ స్థానానికి దిగింది! ఈ పదిహేడేళ్ళలో ఆ పాటలో ఒక్క అక్షరం మారలేదు. మారినవారు మార్కులు వేసినవారు. కాబట్టి వరుస అనేది పాటను గురించి చెప్పేదానికన్నా పెట్టినవాణ్ణి గురించి ఎక్కువ చెబుతుంది. అందుకే కారణం వ్రాయని వరుసకు నేను మార్కులు వేయను.

ఇక నా సంగతి. మార్కులు వేసే చేతితో నేను చేసిన ఒక పాపం చెప్పి గాని ముందుకు సాగలేను.

1995 ప్రాంతం. అప్పటికి నాకు ముప్పై అయిదేళ్ళుంటాయి. ఛందస్సు, అలంకారాలు నాలుక చివర ఉన్నాయన్న గర్వమూ ఉండేది. అంతకు ముందు సంవత్సరమే 'ప్రేమికుడు' చిత్రం వచ్చింది. అందులోని పేటరాప్ పాట పిల్లల నోట ఊరంతా మోగుతోంది. నా తొమ్మిదవ తరగతిలో వెనక బెంచీ కుర్రవాడొకడు ఎప్పుడూ బల్ల మీద వేళ్ళతో దరువు వేస్తుండేవాడు. జాలరి కుటుంబం పిల్లవాడు. ఒకరోజు వాడి వ్యాసాల నోటుపుస్తకం దిద్దుతుంటే చివరి పుటలో ఏదో పాటలాంటిది కనబడింది. రేషను కొట్టు, కిరసనాయిలు వరుస, వేటకు వెళ్ళి ఆలస్యంగా వచ్చిన తెప్ప, వాటిని గురించి. సినిమా పాటను అనుకరించి వ్రాసుకున్నాడు. నేనేం చేశానంటే, దాన్ని తరగతిలో పెద్దగా, వ్యంగ్యంగా, పద్యం చదివే ఫక్కీలో చదివాను. పిల్లలు పడిపడి నవ్వారు. చివర "ఇది పద్యమా, గద్యమా? ఉభయభ్రష్టత్వం" అని, ఎర్రసిరాతో సున్న చుట్టి ఇచ్చాను. ఆ తరువాత వాడు బల్ల మీద దరువు వేయడం నేను చూడలేదు.

ఆ సున్న తప్పని నాకు తెలిసింది మొన్నమొన్న, మా ఊరి ఒడ్డునే. ఎలాగో చెబుతాను.

భీమిలి ఒడ్డున నడిచేవారికి పెద్దవల లాగడం తెలిసిన దృశ్యమే. వలను తెప్ప మీద సముద్రంలోకి తీసుకుపోయి చుట్టూ వేసి వస్తారు. తరువాత రెండు చివర్ల తాళ్ళనూ ఒడ్డున రెండు జట్లు పట్టుకొని లాగుతాయి. ఒకడు పాట ఎత్తుకుంటాడు, తక్కినవారు అందుకుంటారు. మాటలు ఎక్కడైనా పడవచ్చును గాని లాగుడు మాత్రం ఒక్క చోటనే పడాలి, మొదటి దెబ్బ మీద. అది తప్పితే బలం చెదిరిపోతుంది, తాడు జారిపోతుంది. సంగీతంలో దీన్నే సమం అంటాము.

ఒకనాడు ఆ లాగుడును చూస్తూ నిలబడ్డాను. చెవిలో జేమ్స్ బ్రౌన్ ఉన్నాడు. 1933లో పుట్టి 2006లో మరణించిన ఈ గాయకుణ్ణి ఫంక్‌కు ఆద్యుడంటారు. అంతకు ముందటి అమెరికా నల్లజాతివారి సంగీతంలో నాలుగు దెబ్బల ఆవర్తంలో రెండవదానికి, నాలుగవదానికి ఊనిక ఎక్కువ. ఈయన 1960ల నడుమ ఆ బరువును మొదటి దెబ్బ మీదికి తెచ్చాడు. "ఒకటి మీద పడండి, తక్కిన జాగా మీ ఇష్టం" అన్నది ఆయన తన వాద్యగాళ్ళకు పెట్టిన నియమం. గిటారు, బాకాలు, గొంతు సైతం ఆయన చేతిలో తాళవాద్యాలే. ఎదురుగా జాలరుల లాగుడు, చెవిలో ఆయన లాగుడు. రెండూ ఒకే సమం మీద పడుతున్నాయి. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. మన తప్పెటగుళ్ళవారు రొమ్ముకు కట్టుకున్న రేకు గుళ్ళను చేతులతో మోగిస్తూ గంతువేసి నేలమీద పడేదీ ఆ మొదటి దెబ్బ మీదనే. ఉత్తరాంధ్రలో పుట్టినవాడికి ఫంక్ పరాయి సంగీతమని ఎవరన్నారు?

సరే, ఫంక్ నుండి హిప్-హాప్‌కు ఎంతో దూరం లేదు. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో, సెడ్జ్‌విక్ వీధిలోని ఒక అద్దె మేడలో ఒక చిన్న వేడుక జరిగింది. జమైకా నుండి వలస వచ్చిన కుటుంబంలోని అమ్మాయి, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని, ప్రవేశ రుసుము పెట్టి ఏర్పాటు చేసిన వేడుక అది. రికార్డులు వేసింది ఆమె అన్న. కూల్ హెర్క్ అని పేరు పెట్టుకున్న ఆ యువకుడు ఒక సంగతి గమనించాడు. పాటలో గానం ఆగి దరువు ఒక్కటే మిగిలే చోట జనం ఎక్కువగా ఆడుతున్నారు. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రాల మీద పెట్టి, ఒకటి ముగిసేలోగా రెండవది తిప్పుతూ, ఆ కొద్ది క్షణాల దరువునే నిమిషాల తరబడి సాగదీశాడు. ఆ దరువు మీద మాటలు చెప్పడం మొదలైంది. అదే ర్యాప్. అతడు వాడిన రికార్డులలో జేమ్స్ బ్రౌన్‌వీ ఉన్నాయి. రాక్ కూడా అదే నల్లజాతివారి బ్లూస్ పాట కడుపున పుట్టినదే. కాబట్టి ఈ మూడూ ఒక తల్లి బిడ్డలు.

ఆ మాటలు చెప్పే పద్ధతి మీద నాకు ఆసక్తి కలిగి, పండితుడి బుద్ధి పోనిచ్చుకోక, మాత్రలు లెక్కపెట్టాను. ర్యాప్‌లో ఒక 'బార్' అంటే నాలుగు దెబ్బలు. ఒక్కొక్క దెబ్బను నాలుగుగా విరిస్తే మొత్తం పదహారు. రెండేసి పంక్తులకు చివర ప్రాస. ఇప్పుడు మన లక్షణ గ్రంథాలు తెరవండి. మధురగతి రగడ: పాదానికి నాలుగు చతుర్మాత్రా గణాలు, అనగా పదహారు మాత్రలు. రెండేసి పాదాలకు అంత్యప్రాస. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను. లెక్క మారలేదు. దీన్ని రెట్టింపు చేస్తే హరిగతి రగడ. ర్యాప్ గాయకులు ఒక విడతకు పదహారు బార్లు చెప్పడం రివాజు. మన లెక్కలో అవి పదహారు మధురగతి పాదాలు. బ్రాంక్స్ పిల్లలు మన రగడ చూసి నేర్చుకున్నారని నేననడం లేదు. అటువంటి వెర్రి గొప్పలు చెప్పుకునేవారు మనలో ఇప్పటికే చాలినంతమంది ఉన్నారు. నేననేది ఇంతే: నాలుగేసి అడుగులు వేసే మనిషికి, చివర మాట మోగితే బాగుండునని తోచే మనిషికి, ఎక్కడున్నా ఇదే తోస్తుంది.

ఆ లెక్క తేలిన మరుక్షణం నాకు వెనక బెంచీ కుర్రవాడు గుర్తుకువచ్చాడు. వాడి పాటలో ఒక్క పంక్తి నాకిప్పుడు జ్ఞాపకం లేదు. కాని రెండేసి పంక్తులకు చివర ప్రాస కుదిరిందన్నది జ్ఞాపకమే. ఎందుకంటే దాన్ని వెక్కిరించడానికి నేను ఆ చివరి మాటలనే సాగదీసి చదివాను. వాడు వ్రాసినది రగడ. రగడ లక్షణం కంఠతా వచ్చిన పండితుడు దానికి సున్న వేశాడు.

జాబితాకు వచ్చేముందు ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. "ఈ పాటల్లో బూతు ఉంది, హింస ఉంది, ఆడవారి మీద చిన్నచూపు ఉంది, మాస్టారూ మీకిది తగునా?" అని నా ఈడువారు అడుగుతారు. నిజమే, ఉన్నాయి. మనవడి పది పాటల్లో మూడింటిని నేను ఆ కారణంతోనే పక్కన పెట్టాను, వాడికి చెప్పే పెట్టాను. కాని మిత్రులారా, మన చాటువుల్లో ఏముందో మనకు తెలియదా? కొన్ని ప్రబంధ ఘట్టాలను తరగతిలో ఎందుకు దాటవేశామో మరిచిపోయామా? ఆ పద్యాలున్నాయని ప్రబంధాన్ని బహిష్కరించలేదు కదా! ఒక జాతి పాటను దానిలోని అధమాన్ని చూపి తీర్పు చెప్పడం, మనదాన్ని ఉత్తమాన్ని చూపి పొగుడుకోవడం న్యాయం కాదు. 2018లో కెండ్రిక్ లమార్ అనే ర్యాప్ గాయకుడి సంపుటికి సంగీతంలో పులిట్జర్ పురస్కారం ఇచ్చారు. శాస్త్రీయ సంగీతానికీ జాజ్‌కూ తప్ప అంతవరకు ఇవ్వని పురస్కారమది. అక్కడి పండితులూ మెల్లగా దిగివస్తున్నారన్నమాట.

ఇక నా వరుస. ఏడే పాటలు, ఏడవదాని నుండి మొదటిదానికి.

ఏడు. 'జానీ బి. గూడ్', చక్ బెర్రీ, 1958. రాక్. చదువు అంతగా రాని పల్లెటూరి కుర్రవాడు గిటారు మాత్రం అద్భుతంగా వాయిస్తాడన్నది ఇందులోని కథ. ఎత్తుగడలోని గిటారు వింటే ముసలివాళ్ళం మేమూ కాలు కదుపుతాము. దీనికి నేను స్థానమిచ్చింది మరొక కారణానికి. 1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకల్లో భూలోకపు ధ్వనులతో ఒక బంగారు పూత రికార్డు పెట్టారు. అందులో ఈ పాట ఉంది, మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవీ ఉంది. నక్షత్రాల నడుమ ఆ రెండూ ఒకే పళ్ళెం మీద ప్రయాణిస్తున్నాయి. మార్గ, దేశి భేదం భూమిని దాటితే లేదు కాబోలు.

ఆరు. 'సిటీ స్లమ్స్', రాజకుమారి, డివైన్, 2017. హిప్-హాప్. రాజకుమారి అనేది పెట్టుకున్న పేరు. అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు, కాలిఫోర్నియాలో తెలుగు ఇంట పుట్టిన అమ్మాయి. చిన్ననాటి నుండి కూచిపూడి, భరతనాట్యం, కథక్ అభ్యసించింది. ఈమె గొంతులో మాట విరిగే తీరు వినండి. నట్టువాంగం విన్న చెవి వెంటనే పట్టుకుంటుంది. తోడుగా ముంబయి వీధుల కుర్రవాడు డివైన్ హిందీలో అందుకుంటాడు. మన పిల్లలు అమెరికా వెళ్ళి ఏమి మరిచిపోయారో లెక్కపెట్టే మనం, ఏమి మోసుకుపోయారో కూడా ఒకసారి వినాలి.

అయిదు. 'సూపర్‌స్టిషన్', స్టీవీ వండర్, 1972. ఫంక్. పసితనంలోనే చూపు పోయిన ఈ మహానుభావుడు ఇందులో డ్రమ్ములు తానే వాయించాడు, క్లావినెట్ అనే మీటల వాద్యమూ తానే వాయించాడు. మూఢనమ్మకాల మీద పాట. పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగే మన వీధి అరుగుల మీద దీన్ని వినిపించాలని నా కోరిక. నీతి చెప్పే పాట ఇంత సొగసుగా ఆడించగలదని వీరేశలింగంగారికి తెలిసి ఉంటే సంతోషించేవారు.

నాలుగు. పేటరాప్, 'ప్రేమికుడు', 1994. రెహమాన్ స్వరరచన. శంకర్ చిత్రం, ప్రభుదేవా ఆట. అరవం నుండి అనువాదమై వచ్చిన పాటే అయినా, మాట్లాడే తెలుగు దరువు మీద నిలబడగలదని మా ఊరి పిల్లలకు మొదట చూపినది ఇదే. దీనికి నాలుగవ స్థానం నా చెవి ఇచ్చినది కాదు, నా అపరాధ భావన ఇచ్చినది. దాచకుండా చెప్పేస్తున్నాను. కారణం వ్రాయాలన్న నియమం నాకూ వర్తిస్తుంది కదా.

మూడు. 'అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్', రెండవ భాగం, పింక్ ఫ్లాయిడ్, 1979. రాక్. ఇది ఉపాధ్యాయుల మీద తిరుగుబాటు పాట. లండనులోని ఒక పాఠశాల పిల్లలే బృందంగా పాడారు. 1980లో దక్షిణాఫ్రికాలో నల్లజాతి విద్యార్థులు తమకు దొరుకుతున్న నాసి చదువుకు నిరసనగా దీన్ని ఎత్తుకోగా, అక్కడి ప్రభుత్వం నిషేధించింది. మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. రెండవసారి విన్నప్పుడు సిగ్గు వేసింది. పిల్లవాడి వ్రాతను తరగతిలో చదివి వెక్కిరించే ఉపాధ్యాయుడు ఆ సంపుటిలోనే, దీని ముందు పాటను ఆనుకుని ఉన్నాడని, ఆ కథను చిత్రంగా తీసినప్పుడు ఆ దృశ్యం స్పష్టంగా చూపారని మనవడు చెప్పాడు. ఆ దృశ్యం నేను చూడలేదు, చూడదలచుకోలేదు. దానిలో ఒకప్పుడు నటించాను.

రెండు. 'ద మెసేజ్', గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్, 1982. హిప్-హాప్. అంతవరకు వేడుకకే పరిమితమైన ర్యాప్ ఈ పాటతో పేదపేట బ్రతుకును ఉన్నదున్నట్టు చెప్పింది. 2002లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం జాతీయ సంపదగా భద్రపరచవలసిన ధ్వనుల మొదటి పట్టికలో దీన్ని చేర్చింది. పేరుకు అర్థం 'సందేశం'. నాకు వెంటనే జాషువ గుర్తుకువచ్చాడు. మేఘానికి బదులు గబ్బిలాన్ని దూతగా చేసి, గుడిలోకి రానీయని మనిషి ఆక్రోశాన్ని ఈశ్వరునికి పంపిన కావ్యం 'గబ్బిలం' 1941లో వచ్చింది. అదీ సందేశకావ్యమే, ఇదీ సందేశకావ్యమే. గొంతు ఎత్తకుండా, ఏడవకుండా, కళ్ళకు కట్టినట్టు చెప్పడంలో రెండింటిదీ ఒకే నిగ్రహం.

ఒకటి. 'ఫంకీ డ్రమ్మర్', జేమ్స్ బ్రౌన్, 1970. ఇది పాట అనడానికి కూడా లేదు. మాటలు తక్కువ, దరువు ఎక్కువ. చివరికి వస్తుండగా జేమ్స్ బ్రౌన్ తక్కిన వాద్యాలను ఆపించి, డ్రమ్ములవాడొక్కణ్ణి వాయించమంటాడు. కొద్ది క్షణాలు, అంతే. ఆ కొద్ది క్షణాలను తరువాతి హిప్-హాప్‌వారు లెక్కలేనన్ని పాటల్లో వాడుకున్నారు. నేను మొదట చెప్పిన 'ఫైట్ ద పవర్'లోనూ అది ఉంది. వాయించినవాడు క్లైడ్ స్టబ్బుల్‌ఫీల్డ్. 1943లో పుట్టి 2017లో కన్నుమూశాడు. ఒక్క గురువు వద్దనైనా నేర్చుకోలేదు. చిన్నప్పుడు తన ఊళ్ళో కర్మాగారాల చప్పుడు, రైళ్ళ చప్పుడు విని వేళ్ళు కదిపి నేర్చాడు. పాట హక్కులు అతని పేరున లేవు గనుక, లోకమంతా వాడుకున్న ఆ దరువుకు అతనికి దక్కినది చాలా స్వల్పం. మన వైపు డప్పు కొట్టేవాడి పేరు, డోలు వాయించేవాడి పేరు ఏ కరపత్రం మీదైనా చూశారా? ఇప్పుడు మూతబడిన చిట్టివలస జూట్ మిల్లు మగ్గాల చప్పుడు విని బల్ల మీద వేళ్ళాడించిన పిల్లలు మా తరగతుల్లోనూ ఉండే ఉంటారు. గురువు లేకుండా నేర్చినవాడికి, పేరు లేకుండా పోయినవాడికి నా జాబితాలో మొదటి స్థానం.

ఇదీ వరుస. మనవడికి ఫోనులో చదివి వినిపిస్తే, "మెసేజ్ ఒకటవది కావాలి తాతా, డ్రమ్మర్ అయిదు" అన్నాడు. అరగంట వాదించుకున్నాము. వాడికీ నాకూ నడుమ ఇంతవరకు అరగంట మాటలు ఎప్పుడూ లేవు. ఎలా ఉన్నావు, తిన్నావా అన్న రెండు ప్రశ్నలతో ముగిసేవి. వరుస పెట్టడం వల్ల లాభమేమిటని ఎవరైనా అడిగితే నేను ఆ అరగంటనే చూపిస్తాను.

నష్టమేమిటో కూడా చూపాలి. కిందటి మాఘంలో ఒక పెళ్ళి పందిట్లో, సౌండు బాక్సులు అమరుస్తున్న నలభై ఏళ్ళు దాటిన మనిషి వచ్చి నమస్కారం పెట్టాడు. "గుర్తుపట్టారా మేస్టారూ?" అన్నాడు. గుర్తుపట్టాను. పెళ్ళిళ్ళకు, జాతరలకు బాక్సులు అద్దెకిస్తాడట. కుశల ప్రశ్నలయ్యాక, ఆ నోటుపుస్తకం మాట నేనే ఎత్తాను. అది మంచి పాట, సున్న వేయడం నా తప్పు అన్నాను. ఆ పాట ఏమైనా గుర్తుందా అని ఆశగా అడిగాను.

వాడు తీగ చుట్టుకుంటూ, "ఏం రాసేనో గుర్తులేదండి మేస్టారూ. మీరు చదివితే అందరూ నవ్వేరు కదండీ, అది గుర్తుంది" అన్నాడు. మనసులో కష్టం పెట్టుకున్నట్టు లేదు. మర్యాదగా నాకు కుర్చీ తెచ్చి వేసి, పని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ బాక్సులు ఆ రాత్రి చాలాసేపు మోగాయి. నేను తొందరగా ఇంటికి వచ్చేశాను.

కాబట్టి మిత్రులారా, మీ మీ జాబితాలు పంచుకోండి. రాకో, ర్యాపో, రగడో, ఏదైనా సరే. నావి మూడే షరతులు. కారణం వ్రాయండి. ఆ పాట మీకు ఎవరు వినిపించారో వారిని తలుచుకోండి. మీకు నచ్చనిదానికి స్థానమిచ్చే ముందు ముమ్మారు వినండి, అప్పటికీ నచ్చకపోతే ఊరుకోండి. సున్న మాత్రం వేయకండి.

స్వస్తి.